బేస్‌కు కావలసింది వాట్లు కాదు, గాలి

శ్రావణం వచ్చిందంటే షోలాపూర్ తూర్పు పేటల్లో పండుగల వరస మొదలైనట్టే. నారళీ పున్నమికి మార్కండేయ రథం, తర్వాత గణపతి, ఆ వెనక దసరా. ఆర్కెస్ట్రా పిల్లలు భిషీ ఎత్తి కొత్త సామాను కొనేది కూడా ఈ రోజుల్లోనే. నేను పగలు సాంచాల కార్ఖానాల్లో మోటార్లు బాగుచేస్తా. సాయంత్రం ఇంటి ముందర యాంపులు, స్పీకర్లు బాగుచేస్తా. పెళ్లిళ్లకూ జాతరలకూ బేస్ గిటార్ వాయిస్తా. అందుకని సామాను కొనేముందు చాలామంది నా దగ్గరికి వస్తారు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, బేస్‌కు ఎన్ని వాట్ల యాంపు తీసుకోవాలె?"

వాట్లు అడగడంలో తప్పు లేదు. కానీ అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలి. మొదట అడగవలసింది వేరే ఉంది: "ఈ బాక్సు ఎంత గాలిని కదిలిస్తది?" ఆ మాట అడగకుండా వాట్ల అంకె చూసి కొన్నందుకే సీజన్ సీజన్‌కూ కాలిన కాయిళ్లు, చిరిగిన కోన్లు నా బల్ల మీదికి వస్తున్నాయి. ఆ కోన్ల వెనక మగ్గం మీద నిలబడి సంపాదించిన పగారు ఉంది. పదిమంది పిల్లలు టీ, బీడీ మానుకొని కట్టిన భిషీ వాయిదాలున్నాయి. అందుకే ఈ నెల ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నా. చదువు ఎక్కువ అక్కర్లేదు. చేతి పంపు, విసనకర్ర, ఖాళీ సీసా తెలిసినవాళ్లందరికీ అర్థమయ్యే విషయమే.

కింది స్వరం ఎంత కింద?

మామూలు బేస్ గిటార్‌కు నాలుగు తీగలు. అన్నిటికన్నా లావు తీగను 'ఇ' అంటాం. దాన్ని మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. తర్వాతిది 'ఎ', 55 సార్లు. ఆపైన 'డి' 73, 'జి' 98. ఈ మధ్య పిల్లలు అయిదు తీగల గిటార్ కొంటున్నారు. దాని అయిదో తీగ 'బి' సెకనుకు 31 సార్లే ఊగుతుంది. సెకనుకు ఇన్నిసార్లు అనే లెక్కనే హెర్ట్జ్ అంటారు.

అంకెలు చెవికి పట్టాలంటే మన సందు మొగలోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడండి. "గుం" అని ఒక మోత నిరంతరం వస్తుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుము దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్‌తో మోగుతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా సన్న తీగ 'జి' దాదాపు అదే శ్రుతి. ట్రాన్స్‌ఫార్మర్ మోతే మనకు ఎంతో బరువుగా వినిపిస్తుంది. బేస్ గిటార్‌కు అది పై తీగ మాత్రమే. అసలు పని దానికింకా కింద ఉంది.

ఇంకో లెక్క. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. సెకనుకు 41 అలలంటే ఒక్కో అల పొడవు 8 మీటర్లు దాటుతుంది, దాదాపు 27 అడుగులు. వెయ్యి హెర్ట్జ్ ఈల శబ్దానికి అల పొడవు ఒక్క అడుగు పైచిలుకే. అడుగు అలను పుట్టించే సామానుతో 27 అడుగుల అలను పుట్టించబోతే ఏమవుతుందో అదే మన కథ.

తోస్తే గాలి జారిపోతుంది

స్పీకర్ లోపల కాగితపు గరాటు లాంటిది ఉంటుంది. దాన్ని కోన్ అంటారు. దాని మెడకు రాగి తీగ కాయిల్ చుట్టి ఉంటుంది. కాయిల్ అయస్కాంతం నడుమ వేలాడుతుంది. యాంపు నుంచి కరెంటు వస్తే కాయిల్ ముందుకూ వెనక్కూ కదులుతుంది, కోన్ గాలిని తోస్తుంది. అంతే యంత్రం.

నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టి గబగబా ఆడించండి, నీళ్లు చిమ్ముతాయి. అదే చెయ్యి మెల్లగా కదిపితే నీళ్లు వేళ్ల పక్కనుంచి జారిపోతాయి, అల లేవదు. మెల్లగా కదుపుతూ అంత అల రావాలంటే చెయ్యి చాలా దూరం పోవాలి, లేదా చేతిలో పెద్ద పళ్లెం ఉండాలి. గాలి కూడా ఇంతే.

దీనికి లెక్క ఉంది. శ్రుతి సగానికి దిగితే, అంతే గట్టిగా వినిపించడానికి కోన్ నాలుగింతలు దూరం కదలాలి. 328 హెర్ట్జ్ దగ్గర కోన్ పావలా మందం కూడా కాదు, మిల్లీమీటరులో పదో వంతు కదులుతుందనుకోండి. 164కు దిగితే దానికి నాలుగు రెట్లు. 82కు పదహారు రెట్లు. 41కి అరవై నాలుగు రెట్లు, అంటే 6.4 మిల్లీమీటర్లు ముందుకూ అంతే వెనక్కూ. చాలా స్పీకర్లు కొద్ది మిల్లీమీటర్లు దాటితే నిఖార్సుగా కదలలేవు. ఆ పైన కాయిల్ అయస్కాంతం పట్టు నుంచి బయటికి పోతుంది. "టప్ టప్" అని కొట్టుకొనే మోత వస్తుంది. కోన్ అంచు చిరుగుతుంది.

కాబట్టి మిగిలిన దారి పళ్లెం పెద్దది చేయడం. 10 అంగుళాల స్పీకర్ కోన్ గాలిని తోసే వైశాల్యం దాదాపు 350 చదరపు సెంటీమీటర్లు. 15 అంగుళాలది దాదాపు 850. మనవాళ్లు "బేస్ అంటే పదిహేనే" అంటారు. కానీ పది అంగుళాలవి నాలుగు ఒకే పెట్టెలో పెడితే 1400 అవుతుంది. ఒక్క పదిహేను కంటే ఎంతో ఎక్కువ. స్పీకర్ సైజు ఒక్కటే చూసి లాభం లేదు. మొత్తం పళ్లెం ఎంత, అది ఎంత దూరం పోగలదు అనే రెండూ కలిపి చూడాలి.

పెట్టె లేకపోతే పాటే లేదు

ఇంట్లో పాత రేడియో స్పీకర్ విడిగా ఉంటే ఒక పని చేయండి. పాట పెట్టి దాన్ని చేతిలో పట్టుకోండి, కీచుమని పలుచగా వినిపిస్తుంది. ఇప్పుడు ఒక అట్టపెట్టెకు అదే సైజు రంధ్రం కోసి, స్పీకర్‌ను దాని మీద అదిమి పెట్టండి. బరువు ఎక్కడినుంచో వచ్చి కూర్చుంటుంది. వాటు ఒక్కటి కూడా పెంచలేదు.

కారణం ఇది. కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందర గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణాన వెనక గాలి పలుచబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే ఒత్తుకున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనకకు పోతుంది. ముందూ వెనకా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పై స్వరాల్లో అల పొట్టిది కాబట్టి ఇది అంతగా తెలియదు. 27 అడుగుల అలకు కోన్ చుట్టూ తిరగడం చిటికెలో పని. అందుకే ముందు పోయేది బేసే. పెట్టె చేసే మొదటి పని ఈ ముందువెనకల కలయికను ఆపడం.

పెట్టెల్లో ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి పూర్తిగా మూసినది. లోపలి గాలి దిండులాగా కోన్‌ను వెనక్కు తోస్తుంది, అది హద్దు మీరకుండా కాపాడుతుంది. కింది స్వరాలకు పోయేకొద్దీ దీని శబ్దం మెల్లమెల్లగా తగ్గుతుంది.

రెండోది ముందర గుండ్రటి గొట్టమో పొడుగాటి సందో ఉన్నది. దాన్ని పోర్టు అంటారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే "హూ" అని ఒకే శ్రుతి వస్తుంది కదా, పోర్టు పెట్టెది కూడా అదే గుణం. పెట్టె సైజు, గొట్టం పొడవు, వెడల్పు కుదిర్చి ఆ శ్రుతిని మనకు కావలసిన చోట పెడతారు. ఆ శ్రుతి దగ్గర కోన్ దాదాపు కదలదు, పని అంతా పోర్టులోని గాలి చేస్తుంది. చిన్న యాంపుతోనే నిండైన బేస్ వస్తుంది.

కానీ దీనికో షరతు ఉంది. ఆ శ్రుతి కన్నా కిందికి పోతే పెట్టెలోని గాలి కోన్‌కు ఆసరా ఇవ్వదు. తాడు తెగిన ఊయల మాదిరి కోన్ ఎటంటే అటు పోతుంది. శబ్దం మూసిన పెట్టెలో కన్నా రెండింతలు వేగంగా పడిపోతుంది, కోన్ మాత్రం విపరీతంగా ఊగుతుంది. 50 హెర్ట్జ్‌కు కుదిర్చిన పెట్టెలో అయిదు తీగల గిటార్ 'బి' ని గట్టిగా మీటితే జరిగేది ఇదే. వినేవాడికి ఏమీ వినిపించదు, స్పీకర్ మాత్రం చచ్చిపోతుంది. మన మేస్త్రీలు గొట్టం ఎంత పెట్టాలో కంటి కొలతతో కోస్తారు. ఆ అందాజు తప్పితే పెట్టె అందంగా ఉంటుంది, స్పీకర్ బతకదు. ఈ లెక్కలను ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో రాశాడు. రిచర్డ్ స్మాల్ 1970ల్లో వాటిని పూర్తి చేశాడు. అందుకే మంచి స్పీకర్‌తో వచ్చే కాగితంలో 'థీల్-స్మాల్' అంకెలుంటాయి. పెట్టె చేయించేముందు ఆ కాగితం మేస్త్రీ చేతికివ్వండి.

అమెరికా వాళ్లు ఎక్కిన మూడు మెట్లు

ఈ కష్టం మనకొక్కరికే కాదు, బేస్ గిటార్ పుట్టిన చోట కూడా పడ్డారు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే గిటార్ తెచ్చాడు. దానికోసం 1952లో బాస్‌మన్ అనే యాంపు చేశాడు. మొదట్లో దానికి ఒక్క 15 అంగుళాల స్పీకర్. కొన్నాళ్లకు నాలుగు 10 అంగుళాలవి పెట్టారు, వెనక మాత్రం తెరిచే ఉంచారు. వెనక తెరిచిన పెట్టెలో కింది స్వరాలు ఏమవుతాయో పైన చెప్పుకున్నాం. చివరికి బేస్ కోసం పుట్టిన ఆ యాంపును మామూలు గిటార్ వాయించేవాళ్లు ఎత్తుకుపోయారు, వాళ్లకు అది అద్భుతంగా పలికింది. ఇంగ్లండులో జిమ్ మార్షల్ 1962లో చేసిన తొలి యాంపుకు నమూనా ఆ బాస్‌మనే.

రెండో మెట్టు ఆంపెగ్ కంపెనీది. 1960లో బి-15 అనే యాంపు తెచ్చారు. ఒక్క 15 అంగుళాల స్పీకర్, పాతిక ముప్పై వాట్ల యాంపు. గొప్పతనం పెట్టెలో ఉంది. పోర్టు లెక్క కుదిర్చి చేసిన, వెనక మూసిన పెట్టె అది. ఇంత చిన్న యాంపుతో అమెరికా స్టూడియోల్లో లెక్కలేనన్ని పాటలు రికార్డయ్యాయి. డెట్రాయిట్ మోటౌన్ పాటల్లో వినే జేమ్స్ జేమర్సన్ వాయించిన యాంపు కూడా అదే. మంచి పెట్టె ఉంటే పాతిక వాట్లతో ఎంత పని జరుగుతుందో దీన్ని చూసి తెలుసుకోవాలి.

అయితే స్టూడియో వేరు, వేలమంది కూర్చున్న మైదానం వేరు. అందుకోసం ఆంపెగ్ వాళ్లు 1969లో ఎస్‌విటి తెచ్చారు. 300 వాట్ల యాంపు, ఒక్కో పెట్టెలో ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లు, వెనక పూర్తిగా మూసి. పళ్లెం వైశాల్యం లెక్కేస్తే దాదాపు 2800 చదరపు సెంటీమీటర్లు, ఒక్క పదిహేనుకు మూడు రెట్లు పైనే. మొత్తం బరువు ఎనిమిది కోన్లు పంచుకోవడంతో ఏ ఒక్కటీ ఎక్కువ దూరం పోనక్కర్లేదు. మగ్గాల కార్ఖానాలో మనం నిత్యం చూసే సూత్రమే ఇది: ఒక్కడి నడుము విరగకుండా పదిమంది మోయడం.

చెవి చేసే సాయం

ఇక్కడొక వింత చెప్పాలి. అంత పేరున్న ఎనిమిది స్పీకర్ల పెట్టె కూడా 60 హెర్ట్జ్ కిందికి దిగితే బలం తగ్గిపోతుంది. మరి 41 హెర్ట్జ్ 'ఇ' తీగ ఎలా వినిపిస్తోంది?

తంబూరా విన్నవాళ్లకు తెలుసు, ఎవరూ మీటని గాంధారం అందులో వినిపిస్తుంది. ఏ తీగైనా ఒక్క స్వరం పలకదు. మూల స్వరంతోపాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కూడా పలుకుతుంది. 'ఇ' తీగలో 41తో పాటు 82, 123, 164 కూడా ఉంటాయి. మన మెదడు 82, 123, 164 విని, వీటి మూలం 41 అని తానే కట్టుకుంటుంది. మూలం లేకపోయినా ఉన్నట్టే వింటాం. గోళీ అంత స్పీకర్ ఉన్న మొబైల్‌లో ఇళయరాజా పాట పెట్టినా కింద బేస్ గిటార్ ఏ బాట పట్టిందో తెలుస్తుంది కదా, ఇదే రహస్యం.

దీని వల్ల మనకు గొప్ప లాభం ఉంది. బేస్ వినిపించట్లేదని బేస్ గుండీ చివరిదాకా తిప్పకండి. తిప్పితే పెరిగేది 40, 50 హెర్ట్జ్. పెట్టె వాటిని పలకలేదు, కోన్ మాత్రం కొట్టుకుంటుంది. దాన్ని నడిమికి తెచ్చి, మధ్య స్వరాల గుండీ, అంటే 'మిడ్', కొద్దిగా పెంచండి. స్వరం ఏదో చెవికి తేటగా తెలుస్తుంది. మంచి యాంపుల్లో 30, 40 హెర్ట్జ్ కింది భాగాన్ని కోసేసే స్విచ్ ఉంటుంది. కోసేస్తే బేస్ పోతుందని భయపడతారు. పోయేది వినిపించని మోత, మిగిలేది స్పీకర్ ఆయుష్షు.

ఇప్పుడు వాట్ల సంగతి

వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్. అది చెవికి "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అంతే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్లు. 100 వాట్ల యాంపు తీసి 200 వాట్లది కొంటే శబ్దం రెట్టింపవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. బేస్ గుండీని 10 డెసిబెల్స్ పెంచడమంటే కూడా ఆ స్వరాల్లో పదింతల వాట్లు లాగడమే.

దుకాణంలో వాట్లకు ముందు అడగవలసిన అంకె 'సెన్సిటివిటీ'. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది చెప్తుంది. 97 ఉన్న పెట్టెకు 100 వాట్లు ఇచ్చినా, 94 ఉన్న పెట్టెకు 200 వాట్లు ఇచ్చినా ఒకటే శబ్దం. రెండో యాంపుకు పెట్టే డబ్బు ఆ మూడంకెల తేడాలో మిగిలిపోతుంది. పెట్టె మీద 'పిఎంపిఓ' అని వేలల్లో రాసి ఉంటే దాన్ని అంకెగా లెక్కపెట్టొద్దు. 'ఆర్ఎంఎస్' అని రాసింది మాత్రమే చూడాలి.

ఇంకో మాట గుర్తుంచుకోవాలి. చిన్న పెట్టె, లోతైన బేస్, గట్టి శబ్దం: ఈ మూడూ ఒకచోట దొరకవు. ఏవైనా రెండే ఎంచుకోవాలి. అమెరికాలో జె. ఆంటన్ హాఫ్‌మన్ చెప్పిన ఈ మాటను స్పీకర్ పనివాళ్లు ఇనుప నియమం అంటారు. "ఆటోలో పట్టాలె, నేల అదరాలె, ఖర్చు తక్కువుండాలె" అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు అదే.

స్పీకర్లు కాలేది ఎలాగంటే, వాటికిచ్చే కరెంటులో నూటికి అయిదు వంతులు కూడా శబ్దంగా మారదు. మిగిలిందంతా కాయిల్‌లో వేడి. యాంపును శక్తికి మించి తోస్తే అలల శిఖరాలు కోసుకుపోయి చదునవుతాయి. అప్పుడు 100 వాట్ల యాంపు కూడా 200 వాట్ల దాకా స్పీకర్ మీద పోస్తుంది. కాయిల్ మీది వార్నిష్ కాలిన వాసన మోటార్ వైండింగ్ కాలిన వాసనే, మన ముక్కుకు కొత్త కాదు. గరగర మొదలైన వెంటనే వాల్యూమ్ తగ్గించాలి. "ఈ ఒక్క పాట అయిపోనీ" అంటే ఆ పాటతోపాటు స్పీకర్ కూడా అయిపోతుంది.

ఓమ్‌ల లెక్క కూడా చూసుకోవాలి. 8 ఓమ్‌ల బాక్సులు రెండు పక్కపక్కన కలిపితే యాంపుకు కనిపించేది 4 ఓమ్‌లు. నాలుగు కలిపితే 2. యాంపు వెనక "కనీసం 4" అని రాసి ఉంటే మూడో బాక్సు తగిలించొద్దు. ఒకే మోటారు మీద హద్దుకు మించి సాంచాలు వేసినట్టే అవుతుంది. యాంపు నుంచి బాక్సుకు గిటార్ వైరు వాడొద్దు. అది సన్నది, వేడెక్కుతుంది. లావు రాగి స్పీకర్ వైరే వేయాలి.

గది ఒక మాట, మైదానం ఒక మాట

మన ఇళ్లు చాలావరకు పదికి పది గదులు. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే 56, 57 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండు గోడల మధ్య ఊయలలా నిలబడిపోతుంది. 'ఎ' తీగ 55. అందుకే ప్రాక్టీసు గదిలో ఆ తీగ మీటితే గది మొత్తం మోగుతుంది, పక్క స్వరం అంత మోగదు. గిటార్‌లో తప్పేమీ లేదు, గదిదే ఆ గుణం. పద్నాలుగు అడుగుల గదైతే ఇదే మోత 'ఇ' తీగ మీద పడుతుంది.

అదే సెట్ పట్టుకొని పెళ్లి పందిరికి పోతే బేస్ మాయమవుతుంది. బయట గోడలు లేవు, శబ్దాన్ని తిప్పి పంపేవాళ్లు లేరు. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలో కుదిర్చిన గుండీలతో మైదానంలో వాయించొద్దు. రెండు బేస్ బాక్సులుంటే స్టేజీకి అటొకటి ఇటొకటి పెట్టకుండా రెండూ ఒకేచోట ఆనించి పెట్టండి. విడిగా పెడితే మైదానంలో కొన్నిచోట్ల రెండింటి అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకొని బేస్ అసలు వినిపించదు. కలిపి పెడితే ఒకదానికొకటి సాయం. వెనక గోడ ఉంటే దానికి ఆనించండి, ఖర్చు లేకుండా బలం వస్తుంది. బోలు చెక్కల స్టేజీ మీద కన్నా నేల మీద పెడితే మోత తేటగా ఉంటుంది.

పక్కింటి గోడ

పై స్వరాలను గోడ ఆపుతుంది, కింది స్వరాలు గోడను ఊపి అవతలికి పోతాయి. రేకుల కప్పు, సన్న గోడల సందులో పాట మాటలు పక్కింటికి పోవు, ధనధన మాత్రం పోతుంది. రాత్రి పాళీ చేసి పగలు నిద్రపోయేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. అయితే ఆ కొలత మీటరు 'ఎ' అనే లెక్కలో చూపిస్తుంది. ఆ లెక్క కింది స్వరాలను బాగా తగ్గించి చూస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తక్కువ. మీటరులో అంకె చిన్నదే ఉన్నా పక్కింట్లో గిన్నెలు గలగలమంటుండొచ్చు. అందుకని మీటరు చూసి ఊరుకోకుండా పక్కింటికి పోయి ఒకసారి వినిరావడం మంచిది.

పెద్దల చెవులు

చివరగా మన ఇళ్లన్నిటికీ సంబంధించిన సంగతి. సాంచాల షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. ఫ్యాక్టరీ నియమాల్లో 8 గంటల పనికి 90 హద్దుగా పెట్టారు. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడితే చెవి ముందు పోగొట్టుకొనేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలను. బేస్ కాదు, పై స్వరాలు. స, శ, త లాంటి హల్లుల పదును అక్కడే ఉంటుంది. అందుకే మిల్లు దిగిన మన బాపులు, కాకలు "మోత వినిపిస్తుంది బిడ్డా, మాట తెలుస్తలేదు" అంటారు. వాళ్లకు వినిపించట్లేదని మనం ఇంట్లో టీవీ వాల్యూమ్, బేస్ రెండూ పెంచుతాం. కింది స్వరాలు బలంగా ఉంటే పై స్వరాలను కప్పేస్తాయి. వాళ్లకు మిగిలిన కాస్త మాట కూడా ఆ మోతలో మునిగిపోతుంది.

కాబట్టి పెద్దలు కూర్చునే సభల్లో, భజనల్లో, పెళ్లి మంగళాష్టకాల దగ్గర బేస్ తగ్గించి, మాట తేలేలా పై స్వరాలు కొద్దిగా పెంచండి. ఇంట్లో కూడా అంతే. మాట అర్థం కాకపోవడం మొదలైతే "వయసు" అని వదిలేయకుండా చెవి డాక్టరుకు చూపించండి. పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. షెడ్డులో పనిచేసే పిల్లలు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలి. సాయంత్రం స్టేజీ మీద బాక్సుకు ఎదురుగా నిలబడి వాయించేవాళ్లు కూడా పెట్టుకోవాలి. పగలు సాంచా, రాత్రి బాక్సు, రెండూ అదే చెవి మీద పడుతున్నాయి.

కొనేటప్పుడు ఈ వరసలో అడగండి: పెట్టె మూసినదా, పోర్టుదా, పోర్టుదైతే ఏ శ్రుతికి కుదిర్చారు? కోన్లు ఎన్ని, ఎంత సైజు? సెన్సిటివిటీ ఎంత? ఓమ్‌లు ఎన్ని? ఆ తర్వాత, ఆర్ఎంఎస్ వాట్లు ఎన్ని? మీ గిటార్ వెంట తీసుకుపోయి, లావు తీగ మీటి, రోడ్డు మీదికి నడిచిపోయి అక్కడినుంచి వినండి. దుకాణం గది నాలుగు గోడల మధ్య ఏ పెట్టె అయినా గొప్పగానే మోగుతుంది. రోడ్డు మీద కూడా స్వరం ఏదో తెలిస్తే దానికి డబ్బు కట్టండి.